మేధో వైకల్యం ఉన్న పెద్దవారిలో కుంగుబాటు, ఆందోళన: విశాఖ కుటుంబాలు తరచుగా అడిగే ప్రశ్నలు

విశాఖపట్నంలోనూ చుట్టుపక్కల మండలాల్లోనూ మేధో వైకల్యం ఉన్న పెద్దవారిని చూసుకుంటున్న తల్లిదండ్రులు, అన్నదమ్ములు, వదినలు, డే కేర్ కేంద్రాల సిబ్బంది పదేపదే అడిగే ప్రశ్నలకు ఇక్కడ జవాబులు రాశాం. పద్దెనిమిదేళ్లు నిండినవారిని దృష్టిలో పెట్టుకుని రాసినవి ఇవి. చిన్నపిల్లల విషయం వేరు. డిప్రెషన్‌ను కుంగుబాటు అని, యాంగ్జైటీని ఆందోళన అని వ్యవహరించాం.

పుట్టుకతోనే బుద్ధిమాంద్యం ఉన్నవారికి డిప్రెషన్ కూడా వస్తుందా? వాళ్లకు అంత బాధ తెలియదు కదా?

వస్తుంది. బాధ తెలుస్తుంది కూడా, దాన్ని మాటల్లో పెట్టడమే కష్టం. స్కాట్లాండ్‌లోని గ్లాస్గో నగరంలో మేధో వైకల్యం ఉన్న 1,023 మంది పెద్దవారిని పరిశీలించి 2007లో ప్రచురించిన అధ్యయనంలో, వైద్యులు స్వయంగా చూసి చేసిన నిర్ధారణ ప్రకారం 40.9 శాతం మందికి ఏదో ఒక మానసిక ఆరోగ్య సమస్య ఉన్నట్టు తేలింది. వాళ్లనే అమెరికా మానసిక వైద్యుల సంఘం రూపొందించిన డీఎస్‌ఎం-4 ప్రమాణాలతో చూస్తే ఆ సంఖ్య 15.7 శాతానికి పడిపోయింది. మనుషులు వాళ్లే, కొలబద్ద మారింది. ప్రవర్తన సమస్యలను లెక్కలోకి తీసుకునే తీరులో ఉన్న తేడా ఇందుకు ఒక కారణమైతే, సాధారణ ప్రమాణాలు చాలావరకు రోగి నోటితో చెప్పే మాటల మీద ఆధారపడటం మరొక కారణం. "నేను దేనికీ పనికిరాను అనిపిస్తోంది" అని చెప్పగలిగినవారికి అమర్చిన ప్రశ్నలను ఆ వాక్యం కట్టలేనివారికి వేసి, జవాబు రాలేదు కాబట్టి జబ్బు లేదని రాసేయడం సరికాదు.

వాడి తత్వమే అంత అనుకున్నాం. జబ్బని ఎలా గుర్తుపట్టాలి?

ఈ పేజీ అంతటిలో ముఖ్యమైన ప్రశ్న ఇదే. "పుట్టినప్పటి నుంచీ అంతే" అనే మాట ఇంట్లోవాళ్ల నోటే కాదు, ఓపీ గదుల్లో కూడా వినిపిస్తుంది. 1982లో అమెరికాలో స్టీవెన్ రీస్, ఆయన సహచరులు ఒకే రకమైన తీవ్ర భయంతో బాధపడే మనిషి వివరాలను మనస్తత్వ నిపుణుల ముందు పెట్టారు. ఆ మనిషికి తెలివితేటలు తక్కువని రాసి ఉన్నప్పుడు, అదే భయాన్ని నిపుణులు చికిత్స అవసరమైన సమస్యగా చూడటం తగ్గింది. వైకల్యం నీడలో జబ్బు కనబడకుండా పోవడం అంటే ఇదే. చదువుకున్న నిపుణులకే అలా జరిగితే, రోజంతా చాకిరీతో అలిసిపోయిన తల్లికి జరగడంలో వింత లేదు.

దీనికి విరుగుడు ఒక్కటే: ఆ మనిషిని ఇతరులతో కాకుండా ఆరు నెలల కిందటి తనతోనే పోల్చడం. మేధో వైకల్యం చిన్ననాటి నుంచి దాదాపు ఒకే స్థాయిలో ఉండేది. కుంగుబాటుకు మాత్రం ఒక మొదలు ఉంటుంది. అందుచేత మూల్యాంకనానికి, అంటే నిపుణుల పరిశీలనకు, వచ్చే ముందు ఇంట్లోవాళ్లు కూర్చుని, అంతకుముందు ఆదివారాలు ఎలా గడిచేవో, ఇప్పుడు ఎలా గడుస్తున్నాయో గుర్తు చేసుకోవాలి. బీచ్ రోడ్డుకు పోదామంటే చెప్పులు వేసుకుని గుమ్మం దగ్గర ముందే నిలబడే మనిషి ఇప్పుడు పిలిచినా లేవడం లేదా? స్నానం తానే చేసేవాడికి ఇప్పుడు చెంబుతో నీళ్లు పోయాల్సి వస్తోందా? నాలుగు ఇడ్లీలు తినేవాడు రెండింటితో ఆపేస్తున్నాడా, లేక ఇదివరకు లేనంతగా తింటున్నాడా? ఇలాంటి మార్పు రెండు వారాలకు మించి, దాదాపు ప్రతిరోజూ కనిపిస్తుంటే దాన్ని తత్వం అనకూడదు.

మాటలు అసలే రానివారిలో ఏ లక్షణాలు చూడాలి?

కంటికి కనిపించేవి చూడాలి: నిద్ర, తిండి, బరువు, ఏడుపు, కదలికల్లో మందగమనం లేదా నిలకడలేనితనం, ఇష్టమైన పాట పెట్టినా తల తిప్పకపోవడం, అంతకుముందు వచ్చిన పనులు మానేయడం. చిరాకుకు ప్రత్యేకమైన స్థానం ఉంది. పెద్దవారి కుంగుబాటులో మామూలుగా విచారాన్ని ప్రధాన లక్షణంగా తీసుకుంటారు. మేధో వైకల్యం ఉన్నవారి కోసం బ్రిటన్‌లో 2001లో వచ్చిన డీసీ-ఎల్‌డీ ప్రమాణాలు, అమెరికాలో 2007లో వచ్చి 2016లో సవరించిన డీఎం-ఐడీ ప్రమాణాలు చిరాకును కూడా లెక్కలోకి తీసుకుంటాయి.

అయితే కొట్టడం, కరవడం, తల గోడకేసి బాదుకోవడం కనిపించగానే అది కుంగుబాటు అనుకోవడం కూడా పొరపాటే. ఒకప్పుడు అలాంటి ప్రవర్తన మొత్తాన్నీ లోపలి కుంగుబాటుకు బయటి రూపంగా భావించే ధోరణి ఉండేది. దానికి బలమైన ఆధారాలు లేవు. నిద్ర, ఆకలి, ఆసక్తి ఏమీ చెడకుండా ఒక్క కోపమే పెరిగితే, నొప్పి, ఇంటి వాతావరణంలో మార్పు, అడిగింది అందకపోవడం వంటి కారణాలను ముందుగా వెతకాలి.

ఆందోళన ఎలా బయటపడుతుంది?

చెమట, వణుకు, గుండె దడ, మాటిమాటికీ బాత్రూముకు వెళ్లడం, ఒకే ప్రశ్నను వందసార్లు అడగడం, ఒక మనిషి కొంగు వదలకపోవడం, గడప దాటనని మొండికేయడం, ఉన్నట్టుండి పరుగెత్తిపోవడం. చివరి రెంటినీ ఇంట్లో మొండితనం కింద జమకడతారు. ఎప్పుడు, ఎక్కడ, ఎవరి ముందు జరుగుతుందో రాసుకుంటే చాలాసార్లు భయం మూలం దొరుకుతుంది. మన ఊళ్లో 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను తీరం దాటిన రోజు సంగతి ఉంది. ఆనాడు కిటికీ అద్దాలు పగిలిన ఇంట్లో ఉన్న మనిషి, ఈనాటికీ ఈదురుగాలికి కరెంటు పోగానే మంచం కిందికి దూరితే దాన్ని పిచ్చి చేష్ట అని కొట్టిపారేయకుండా, ఆనాటి అనుభవం గురించి మూల్యాంకనం చేసేవారికి చెప్పాలి.

ఆటిజం కూడా ఉన్నవారి విషయంలో జాగ్రత్త ఎక్కువ అవసరం. రోజూ ఒకే దారిలో నడవాలని, కంచం ఒకేచోట ఉండాలని పట్టుబట్టడం వాళ్లకు ఎప్పటి నుంచో ఉన్న అలవాటు కావచ్చు, అది చేసుకున్నప్పుడు నెమ్మది పడవచ్చు. అదే పట్టుదల కొత్తగా పెరిగి, చేసుకున్నా నెమ్మది పడకపోతే ఆందోళనగా అనుమానించాలి.

మనసు బాగోలేదని వెళితే రక్తపరీక్షలు, దంతవైద్యుడు అంటున్నారు. ఎందుకు?

మంచి వైద్యుడే దొరికారని అనుకోవాలి. చెప్పుకోలేని మనిషికి ఒంట్లో బాధ ఉంటే అది ప్రవర్తనలోనే బయటపడుతుంది. పుచ్చుపన్ను, చెవిలో గులిమి, మలబద్ధకం, గుండెల్లో మంట, నెలసరి నొప్పి, చూపు మందగించడం: ఇవన్నీ నిద్రను, తిండిని, స్వభావాన్ని మార్చేస్తాయి. థైరాయిడ్ తగ్గితే మందకొడితనం, నిద్రమత్తు, బరువు పెరగడం వచ్చి అచ్చం కుంగుబాటులాగే ఉంటుంది. డౌన్ సిండ్రోమ్ ఉన్నవారిలో థైరాయిడ్ సమస్య మరీ ఎక్కువ. థైరాయిడ్ ఎక్కువైతే ఆందోళనలా కనిపిస్తుంది. రక్తహీనత, బీ12 లోపం, షుగరు కూడా చూడాల్సినవే.

వాడుతున్న మందుల చీటీలన్నీ తీసుకెళ్లండి. మూర్ఛకు ఇచ్చే లెవెటిరాసెటమ్, ఫినోబార్బిటోన్ కొందరిలో చిరాకును, కుంగుబాటును తెస్తాయి. హాలోపెరిడాల్, రిస్పెరిడోన్ వంటి మందుల వల్ల కొందరికి కాళ్లు నిలవనివ్వని అలజడి పుడుతుంది. కూర్చోలేరు, తిరుగుతూనే ఉంటారు. దాన్ని ఆందోళన అనుకుని అదే మందు మోతాదు పెంచితే బాధ రెట్టింపవుతుంది. ఏ మందు ఏ నెలలో మొదలైందో, మార్పు ఏ నెలలో మొదలైందో పక్కపక్కన రాసి చూపిస్తే వైద్యుడికి ఎంతో ఉపయోగం. సొంతంగా మాత్రం ఏ మందూ ఆపకండి, ముఖ్యంగా మూర్ఛ మందులు.

ఏది అడిగినా అవునంటాడు. అలాంటివాడిని ప్రశ్నలు వేసి ఏం లాభం?

ప్రశ్న వేసే తీరు మార్చుకుంటే లాభం ఉంది. అర్థం కానప్పుడు, లేదా ఎదుటివారిని సంతోషపెట్టాలన్నప్పుడు అవుననేయడం మేధో వైకల్యం ఉన్నవారిలో తరచుగా కనిపిస్తుందని 1980ల నుంచే పరిశోధకులు రాస్తూ వచ్చారు. జీవితమంతా పెద్దవాళ్లు చెప్పినట్టు వినమని నేర్పిన మనిషి తెల్లకోటు వేసుకున్నవారితో కాదనడం అంత సులువు కాదు కదా. "దిగులుగా ఉంటోందా, హాయిగా ఉంటోందా?" అని అడిగితే చాలామంది చివర విన్న మాటనే తిరిగి అంటారు. అదే ప్రశ్నను కాసేపాగి తిప్పి అడిగితే "దిగులుగా" అంటారు.

అందుకని అనుభవం ఉన్న నిపుణులు మొదట ఆ మనిషికి ఏ మాటలు తెలుసో కనుక్కుంటారు. కుంగుబాటు అన్న మాట అసలే పనికిరాదు. ఇంట్లో "బెంగ" అంటారా, "మనసు బాగోలేదు" అంటారా, "ఏడుపొస్తోంది" అంటారా అని తల్లిని అడిగి ఆ మాటే వాడతారు. నవ్వే ముఖం, ఏడ్చే ముఖం, భయపడే ముఖం బొమ్మలు చూపించి, ముందుగా "నీకు బిర్యానీ పెడితే ముఖం ఎలా ఉంటుంది?" వంటి జవాబు తెలిసిన ప్రశ్నతో ఆ బొమ్మలు అర్థమయ్యాయో లేదో పరీక్షిస్తారు. "గత రెండు వారాల్లో" అన్న మాట కాలం లెక్క తెలియనివారికి శూన్యం. "మొన్న సింహాచలం కొండకు వెళ్లొచ్చాక", "పిన్నిగారి పెళ్లిరోజు అయ్యాక" అని వాళ్లకు గుర్తుండే ఘటనకు ముడివేసి అడుగుతారు. వాక్యానికి ఒక్క విషయమే ఉండాలి. జవాబుకు పది పదిహేను సెకన్లు ఆగాలి, ఆ నిశ్శబ్దాన్ని ఇంట్లోవాళ్లు పూరించకూడదు. ఇది తల్లులకు అన్నిటికన్నా కష్టమైన పని. ఎవరు అడిగినా కొడుకు తరఫున జవాబు చెప్పడం వాళ్లకు ముప్పై ఏళ్ల అలవాటు.

తేలికపాటి వైకల్యం ఉన్నవారు ఈ పద్ధతిలో తమ మనసు గురించి నమ్మదగ్గ సమాచారమే ఇస్తారు. ఒకసారి వాళ్లతో ఒంటరిగా, ఒకసారి ఇంట్లోవారితో విడిగా మాట్లాడటం సరైన పద్ధతి. ఇద్దరి మాటలూ కలవకపోతే ఒకరిది అబద్ధమని కాదు. లోపలి భయం తల్లికి కనబడకపోవచ్చు, తగ్గిన తిండి కొడుకు గమనించకపోవచ్చు.

ఇందుకు ప్రత్యేకమైన ప్రశ్నావళులు ఉన్నాయా?

ఉన్నాయి. గ్లాస్గో డిప్రెషన్ స్కేలు 2003లో వచ్చింది. అందులో గత వారం గురించి ఆ మనిషిని నేరుగా అడిగే 20 ప్రశ్నలు, చూసుకునేవారి కోసం విడిగా మరో 16 ప్రశ్నలు ఉంటాయి. అదే ఏడాది వచ్చిన గ్లాస్గో ఆందోళన స్కేలులో 27 ప్రశ్నలు. ఈ రెండూ తేలికపాటి, మధ్యస్థాయి వైకల్యం ఉండి, కాస్త మాట్లాడగలిగేవారికి. మాటలు లేనివారి గురించి సంరక్షకులను అడిగి నింపేవి వేరే ఉన్నాయి; 28 అంశాల ఆడమ్స్ స్కేలు, పాస్-ఆడ్ చెక్‌లిస్టు అలాంటివి. ఓపీల్లో అందరికీ ఇచ్చే కుంగుబాటు ప్రశ్నావళి పీహెచ్‌క్యూ-9 వీరికి అంతగా నప్పదు. "సగానికి పైగా రోజులు" అన్న జవాబు ఎంచుకోవాలంటే రోజులు లెక్కపెట్టి సగం చేయగలగాలి.

గ్లాస్గో డిప్రెషన్ స్కేలులో 13 మార్కులు హద్దుగా పెట్టారు. అది అక్కడి వారి మీద, ఇంగ్లీషులో పరీక్షించి తేల్చిన హద్దు. అప్పటికప్పుడు తెలుగులోకి మార్చి అడిగినప్పుడు 12 వస్తే జబ్బు లేదని, 14 వస్తే ఉందని తీర్పు చెప్పడం తగదు. అదే మనిషికి అదే మాటలతో మూడు నెలల తరువాత మళ్లీ అడిగి, మార్పు చూడటానికి ఆ సంఖ్య ఎక్కువ పనికొస్తుందని మా అభిప్రాయం. మార్కులు నిర్ధారణ కావు.

ఐక్యూ పరీక్ష మళ్లీ చేయించాలా?

కుంగుబాటు నిర్ధారణకు అక్కర్లేదు. పైగా కుంగిపోయి ఉన్నప్పుడు చేస్తే ఐక్యూ ఉన్నదానికన్నా తక్కువగా రావచ్చు.

వాళ్ల నాన్నగారు పోయారు. "నాన్న ఊరెళ్లారు" అని చెప్పాం. తెలిస్తే తట్టుకోలేడని భయం. ఈ సంగతి డాక్టరుకు చెప్పాలా?

తప్పకుండా చెప్పాలి, అదీ అన్నిటికన్నా ముందు. ఇలా ఊహించండి: ఒక మనిషి పదిహేనేళ్లుగా రోజూ పొద్దున తండ్రితో కలిసి రైతుబజారుకు వెళ్లి, కూరగాయల సంచి తానే మోసుకొస్తాడు. ఒకరోజు నుంచి తండ్రి కనబడడు. ఇంటినిండా చుట్టాలు, ఏడుపులు, తనను మాత్రం పక్కింటికి పంపేశారు. తరువాత ఎవరూ ఆ మాట ఎత్తరు. సంచి మాత్రం తలుపు వెనక మేకుకే వేలాడుతుంటుంది. అతను దాన్ని తీసుకుని గేటు దగ్గర కూర్చుంటాడు, లోపలికి రమ్మంటే కొడతాడు. మూడు నెలలకు ఆసుపత్రికి తెచ్చి "కోపం ఎక్కువైంది" అని ఒక్క ముక్క చెబితే, వైద్యుడు కోపానికే మందు రాస్తారు.

ఆప్తులు పోవడం, అక్క పెళ్లయి వెళ్లిపోవడం, ఇల్లు మారడం, డే కేర్‌లో ఇష్టమైన టీచరు మానేయడం: ఇవి మేధో వైకల్యం ఉన్నవారిలో కుంగుబాటుకు ముందు తరచుగా కనిపించే ఘటనలు. వీటిలో కొన్ని మనకు చిన్నవిగా తోచడం వల్లే చెప్పడం మరచిపోతాం. చావు సంగతి ఎలా చెప్పాలన్నది సైకాలజిస్టుతో కలిసి నిర్ణయించుకోండి. సాధారణంగా సూటైన, చిన్న మాటలే మంచివి: నాన్న చనిపోయారు, ఇక రారు, నీ తప్పేమీ లేదు. నిద్రపోయారని, దేవుడి దగ్గరికి వెళ్లారని చెబితే కొందరు నిద్రకే భయపడతారు, కొందరు ఎప్పుడొస్తారని రోజూ అడుగుతారు. ఫోటోకు దండ వేసేటప్పుడు, సంవత్సరీకం పెట్టేటప్పుడు వాళ్లను పక్కన కూర్చోబెట్టుకోవచ్చు.

ఎవరైనా హాని చేసి ఉండొచ్చా?

అడగడానికి ఎంత ఇబ్బందైనా ఈ ప్రశ్న మూల్యాంకనంలో ఉండి తీరాలి. ఉన్నట్టుండి ఒక మనిషిని, ఒక గదిని, ఒక ఆటోను చూసి బెదరడం, బట్టలు మార్చనివ్వకపోవడం, ఒంటి మీద కారణం చెప్పలేని గాయాలు ఉంటే ఆ మనిషితో ఒంటరిగా మాట్లాడే అవకాశం నిపుణుడికి ఇవ్వండి. వికలాంగుల హక్కుల చట్టం 2016లోని 7వ సెక్షన్ హింస, దోపిడీల నుంచి రక్షణ కల్పిస్తుంది. ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేటుకు సమాచారం ఇవ్వవచ్చు.

మా చెల్లికి డౌన్ సిండ్రోమ్, 46 ఏళ్లు. అన్నీ మరచిపోతోంది, ముభావంగా ఉంటోంది. ఇది కుంగుబాటేనా?

కావచ్చు, మతిమరుపు జబ్బు కావచ్చు, థైరాయిడ్ కావచ్చు, నిద్రలో ఊపిరి ఆగి ఆగి ఆడటం వల్ల కావచ్చు. డౌన్ సిండ్రోమ్ ఉన్నవారిలో అల్జీమర్స్ నలభైలు, యాభైలలోనే మొదలవుతుంది కాబట్టి ఈ వయసులో అనుమానించడం సబబే. కానీ నయమయ్యే మిగతావాటిని తోసిపుచ్చకుండా ఆ ముద్ర వేయకూడదు. ఆమె ముప్పై అయిదేళ్ల వయసులో ఏ పనులు చేసేదో చెప్పగలిగితే, పాత వీడియోలుంటే చూపించగలిగితే, నిపుణుడి పని సగం తేలికవుతుంది.

చచ్చిపోతానంటోంది. ఆ మాటకు అర్థం తెలిసే అంటోందా?

అర్థం పూర్తిగా తెలియకపోయినా ప్రమాదం ఉంటుంది. మేధో వైకల్యం ఉన్నవారిలోనూ ఆత్మహత్య ఆలోచనలు, ప్రయత్నాలు ఉన్నాయి. సీరియల్లో విన్న మాట అని తీసిపారేయకుండా, ఒంటరిగా వదలకుండా, మందులు, పురుగుమందు, కిరోసిన్ చేతికి అందకుండా పెట్టి అదే రోజు చూపించండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ కేంద్రమైన టెలీ మానస్ నంబరు 14416కు రాత్రి పగలు ఎప్పుడైనా ఫోను చేసి తెలుగులో మాట్లాడవచ్చు.

ముందు దిష్టి తీయించి, తాయెత్తు కట్టిద్దామంటున్నారు అత్తగారు.

దిష్టి తీయించండి, దానితో పేచీ లేదు. ఆసుపత్రికి వెళ్లడం మాత్రం అందుకోసం వాయిదా వేయకండి. కొట్టే, కట్టేసే, తిండి మాన్పించే చోటికి తీసుకెళ్లకండి.

విశాఖలో ఎక్కడికి వెళ్లాలి, ఏం తీసుకెళ్లాలి?

ఆంధ్ర మెడికల్ కాలేజీకి అనుబంధంగా వాల్తేరులో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది. ఒంటి జబ్బులు చూపించుకోవడానికి కింగ్ జార్జ్ ఆసుపత్రి (కేజీహెచ్) ఉంది. ఓపీలో రద్దీ, అరుపులు, గంటల తరబడి నిరీక్షణ ఆందోళన ఉన్నవారికి మరీ కష్టం. ఒకరు ముందుగా వెళ్లి చీటీ తీసుకుని, వంతు దగ్గరపడ్డాక మనిషిని లోపలికి తీసుకొస్తే బాగుంటుంది. ఇష్టమైన వస్తువు చేతిలో ఉండనివ్వండి.

తీసుకెళ్లవలసినవి: వికలాంగత ధ్రువపత్రం, మందుల చీటీలు, మూర్ఛలు వచ్చిన తేదీలు, రెండు వారాలపాటు పడుకున్న, లేచిన వేళలు, తిండి, ఏడుపు, గొడవలు రాసిన నోటుబుక్కు. ఫోనులో తీసిన రెండు నిమిషాల వీడియో పది నిమిషాల వర్ణన కన్నా నయం. డే కేర్‌కు వెళుతుంటే అక్కడివారి మాట కూడా రాయించుకోండి. ఇంట్లో ముభావంగా ఉండి అక్కడ కులాసాగా ఉంటే, కారణం ఇంట్లో వెతకాలన్నమాట.

గొడవ తగ్గడానికి ఒక మాత్ర రాసిస్తే సరిపోదా?

ఈ కోరికకు కారణం మాకు తెలుసు. రాత్రుళ్లు నిద్రలేని ఇల్లు ఎలా ఉంటుందో చెప్పనక్కర్లేదు. కానీ బ్రిటన్‌లో మేధో వైకల్యం ఉన్న 33,016 మంది పెద్దవారి రికార్డులు పరిశీలించి 2015లో ప్రచురించిన అధ్యయనంలో, యాంటీసైకోటిక్ మందులు (హాలోపెరిడాల్, రిస్పెరిడోన్ వంటివి) పొందినవారిలో 71 శాతం మందికి తీవ్రమైన మానసిక వ్యాధి ఉన్నట్టు రికార్డులో ఎక్కడా లేదు. జబ్బేమిటో తేల్చకుండా గొడవను అణచడానికే మందు ఇస్తే, కుంగుబాటు అలాగే ఉండి పైన మత్తు చేరుతుంది. కుంగుబాటు అని తేలితే దానికి తగిన మందులు ఉన్నాయి, తక్కువ మోతాదుతో మొదలుపెట్టి నెమ్మదిగా పెంచుతారు. మందులతో పాటు, రోజులో చేసే పనులను క్రమంగా తిరిగి పెంచే పద్ధతులనూ వీరికి అనువుగా మలిచారు.

సంతకం ఎవరు పెట్టాలి? పెద్దవాడైనా తల్లిదండ్రులే సంరక్షకులు కదా?

చట్టం దృష్టిలో పద్దెనిమిదేళ్లు నిండగానే తల్లిదండ్రుల సంరక్షకత్వం దానంతట అది కొనసాగదు. నేషనల్ ట్రస్ట్ చట్టం 1999 కింద జిల్లా స్థాయిలో ఉండే లోకల్ లెవెల్ కమిటీకి దరఖాస్తు పెట్టుకోవాలి. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2017 మేధో వైకల్యాన్ని మానసిక వ్యాధి నిర్వచనంలోంచి మినహాయించింది. అయితే మేధో వైకల్యం ఉన్న మనిషికి కుంగుబాటు వస్తే, ఆ కుంగుబాటు మానసిక వ్యాధే. "ఇది మా పరిధి కాదు, స్పెషల్ స్కూలుకు వెళ్లండి" అని ఎవరైనా తిప్పి పంపితే ఈ తేడా చెప్పి అడగవచ్చు. కాగితం మీద ఎవరు సంతకం పెట్టినా, ఎందుకు వచ్చామో, ఏం చేస్తారో ఆ మనిషికి అర్థమయ్యే మాటల్లో చెప్పి ఒప్పించాలి.

రెండుసార్లు వెళ్లాం. ఇంకా ఏమీ తేల్చలేదు, మళ్లీ రమ్మంటున్నారు. మార్చేద్దామా?

ఒక్క ఓపీలో, పది నిమిషాల్లో తేల్చేవారి కన్నా ఇలా మళ్లీ రమ్మనేవారే నయం. మొదటిసారి కొత్త చోటు భయంతో మనిషి నోరు విప్పడు. రెండోసారికి రక్తపరీక్షల ఫలితం వస్తుంది. మూడోసారికి నోటుబుక్కులో నెల రోజుల నిద్ర లెక్క ఉంటుంది. అయితే ప్రతిసారీ ఏం చూశారో, ఏం తోసిపుచ్చారో, తరువాత ఏం చూడబోతున్నారో అడిగి చీటీ మీద రాయించుకోండి. ప్రతిసారీ వేరే డాక్టరు కూర్చునే చోట, ముందువారు ఎక్కడ ఆపారో కొత్తవారికి తెలియడానికి ఆ చీటీయే ఆధారం. తిండి పూర్తిగా మానేసినా, నీళ్లు తాగకపోయినా, తనను తాను గాయపరచుకుంటున్నా ఇచ్చిన తేదీ కోసం ఆగకుండా వెంటనే తీసుకెళ్లండి.